యూకేలో డాక్టరుగా చేరుతున్నారా? బాపియోలో ఎప్పుడు చేరాలి, దాన్ని ఎలా వాడుకోవాలి

నాకు వచ్చే ఫోన్లలో సగం ఆలస్యంగా వచ్చినవే. "అన్నా, ట్రస్ట్ వాళ్లు మీటింగ్‌కి పిలిచారు, ఎల్లుండే, ఏం మాట్లాడాలి?" అంటారు. (ట్రస్ట్ అంటే ఇక్కడి ప్రభుత్వ ఆరోగ్య వ్యవస్థ ఎన్‌హెచ్‌ఎస్‌లో ఆసుపత్రిని నడిపే సంస్థ.) యూనియన్‌లో ఉన్నావా అంటే లేడు. డిఫెన్స్ కవర్ (డాక్టరు మీద ఫిర్యాదు వస్తే న్యాయసాయం చేసే సభ్యత్వం) తీసుకున్నావా అంటే ఎన్‌హెచ్‌ఎస్ చూసుకుంటుందని ఎవరో చెప్పారంటాడు. బాపియోలో ఉన్నావా అంటే అదేంటన్నా అంటాడు. ఆ పరిస్థితిలో ఎవరైనా చేయగలిగేది చాలా తక్కువ. అందుకే ఇది రాస్తున్నాను, ముఖ్యంగా ప్లాబ్ (విదేశాల్లో చదివిన డాక్టర్లకి జీఎంసీ పెట్టే పరీక్ష) రాసేసి జీఎంసీ నంబర్ చేతికి వచ్చి మొదటి ఉద్యోగం కోసం చూస్తున్నవాళ్లకి. (ఇక్కడ జీఎంసీ అంటే జనరల్ మెడికల్ కౌన్సిల్. గుంటూరు వాళ్లూ గాంధీ వాళ్లూ కాసేపు తమ కాలేజీని మర్చిపోవాలి.)

బాపియో అంటే బ్రిటిష్ అసోసియేషన్ ఆఫ్ ఫిజీషియన్స్ ఆఫ్ ఇండియన్ ఆరిజిన్. 1996లో మొదలైంది. బెడ్‌ఫర్డ్‌లో పిల్లల డాక్టరుగా పనిచేసిన రమేశ్ మెహతా దీన్ని పెట్టినవాళ్లలో ముఖ్యుడు, ఏళ్ల తరబడి అధ్యక్షుడు కూడా. పేరులో ఫిజీషియన్స్ అని ఉంది కదా అని సర్జన్లు ఆగిపోనక్కర్లేదు, జీపీలు (ఫ్యామిలీ డాక్టర్లు), సైకియాట్రిస్టులు, మత్తు డాక్టర్లు అందరూ ఉంటారు. అమెరికాలో ఉన్న మీ బాబాయి "ఆపిలో చేరు" అన్నాడంటే అది వేరే సంఘం, 1982లో అక్కడి మనవాళ్లు పెట్టుకున్నది. అపోలో ప్రతాప్ సి. రెడ్డి గారు ఇంకొందరితో కలిసి 2011లో మొదలుపెట్టిన గాపియో మళ్లీ ఇంకోటి, అది అన్ని దేశాల వాళ్లకీ. గుంటూరులో చదివినవాళ్లకి జింకానా అనగానే కాలేజీ ఆడిటోరియం గుర్తొస్తుంది, నిజానికి అది ఉత్తర అమెరికాలో ఉన్న ఆ కాలేజీ పూర్వ విద్యార్థుల సంఘం పేరు. అలాంటివి చదువుకున్న చోటికి ఏదైనా తిరిగి చేయడానికి పుట్టిన సంఘాలు. బాపియో పని వేరు, మనం ఉద్యోగం చేసే చోట మనకి అన్యాయం జరగకుండా చూడటం. ఈ తేడా తెలిస్తే దాన్ని ఏం అడగాలో, ఏం అడగకూడదో తెలుస్తుంది.

ముందు బాపియో వేసిన కోర్టు కేసుల గురించి తెలుసుకోండి

గైడ్ అని చెప్పి చరిత్ర మొదలెట్టాడేంటి అనుకోకండి, ఇది తెలియకపోతే చందా ఎందుకు కట్టాలో అర్థం కాదు. 2006 దాకా మన డాక్టర్లు వర్క్ పర్మిట్ లేకుండానే ఇక్కడ ట్రైనింగ్ పోస్టుల్లో చేరేవాళ్లు. ఆ ఏడాది మార్చిలో ప్రభుత్వం దాన్ని ఎత్తేస్తున్నామని ప్రకటించి ఏప్రిల్ 3 నుంచి అమల్లో పెట్టేసింది, అంటే నెల రోజుల గడువు కూడా లేదు. అది చాలదన్నట్టు, హెచ్‌ఎస్‌ఎంపీ వీసా (నైపుణ్యం బాగా ఉన్న వలసదారులకి ఇచ్చేది) మీద అప్పటికే ఇక్కడ ఉన్నవాళ్ల వీసా గడువు గనక పోస్టు కంటే ముందే అయిపోయేట్టుంటే, యూకే, యూరప్ వాళ్లు ఎవరూ దొరక్కపోతేనే వీళ్లని తీసుకోండి అని ఆరోగ్య శాఖ ఎన్‌హెచ్‌ఎస్ ఆసుపత్రులకి సూచన పంపింది. ఇంటి దగ్గర పొలం తాకట్టు పెట్టి వచ్చినవాళ్లున్నారు. ఈస్ట్ హామ్‌లో ఒక గదిలో ఆరేడుగురు సర్దుకుని, గుడిలో పెట్టే భోజనంతో పూట గడుపుకున్నామని ఆ రోజుల్లో వచ్చిన సీనియర్లు ఇప్పటికీ చెప్తారు.

బాపియో కోర్టుకెళ్లింది. 2007 ఫిబ్రవరిలో హైకోర్టులో ఓడిపోయింది. అదే ఏడాది నవంబరులో అప్పీల్ కోర్టు ఆ సూచన చెల్లదంది. ప్రభుత్వం పైకి వెళ్తే 2008 ఏప్రిల్ 30న హౌస్ ఆఫ్ లార్డ్స్ (అప్పట్లో అదే అన్నిటికంటే పై కోర్టు) కూడా నలుగురు ఒకవైపు, ఒకరు ఇంకోవైపుగా అదే మాట చెప్పింది. ఇక్కడ ఒకటి గమనించండి: పర్మిట్ లేని ట్రైనింగ్ తిరిగి రాలేదు. నిబంధన మార్చే అధికారం ప్రభుత్వానికి ఉండిపోయింది, అప్పటికే వచ్చినవాళ్లని దొడ్డిదారిన తప్పించడం మాత్రమే ఆగింది. సంఘం బలం ఎంతో, దాని హద్దు ఎక్కడో రెండూ ఈ ఒక్క కేసులోనే ఉన్నాయి.

రెండో కేసు జీపీ పరీక్షది. అప్పట్లో సీఎస్‌ఏ అనే పరీక్షలో విదేశాల్లో చదివినవాళ్లు, ఇక్కడే చదివిన నల్లజాతి, ఆసియా డాక్టర్లు తెల్లవాళ్ల కంటే చాలా ఎక్కువగా ఫెయిలవుతుంటే బాపియో రాయల్ కాలేజ్ ఆఫ్ జీపీస్ మీద, జీఎంసీ మీద కేసు వేసింది. 2014 ఏప్రిల్‌లో జడ్జి కొట్టేశారు. కానీ ఆ తీర్పులోనే, చట్టప్రకారం గెలవకపోయినా బాపియోది నైతిక విజయమని అన్నారు, కాలేజీ ఇప్పుడైనా ఏదో ఒకటి చేయాలన్నారు.

ఎవరు ఏం చేస్తారో కలిపేసుకోకండి

కొత్తగా వచ్చినవాళ్లు చేసే పెద్ద పొరపాటు ఇదే. జీఎంసీ మీ సంఘం కాదు, మీకు లైసెన్స్ ఇచ్చేది, తీసేసేది. అది పేషెంట్ల వైపు ఉంటుంది, ఉండాలి కూడా. బీఎంఏ (బ్రిటిష్ మెడికల్ అసోసియేషన్) యూనియన్: జీతం స్లాబ్ తప్పు వేసినా, రోటా (డ్యూటీ పట్టిక) నిబంధనలకి విరుద్ధంగా ఉన్నా, కాంట్రాక్టు చదివి చెప్పాలన్నా, ట్రస్ట్ మీటింగ్‌లో మీ పక్కన ఒక మనిషి కూర్చోవాలన్నా వాళ్లే. ఎండీయూ, ఎంపీఎస్, ఎండీడీయూఎస్ డిఫెన్స్ సంస్థలు: జీఎంసీ ఉత్తరం వచ్చినా, ఇంక్వెస్ట్‌కి (మరణానికి కారణం తేల్చే విచారణకి) పిలిచినా, పోలీసులు మాట్లాడాలన్నా వీళ్లు.

ఎన్‌హెచ్‌ఎస్ ఇండెమ్నిటీ ఉంది కదా అంటారు. ఉంది. ట్రస్ట్‌లో మీరు చేసిన వైద్యం మీద పేషెంట్ నష్టపరిహారం కోసం దావా వేస్తే అది ట్రస్ట్ చూసుకుంటుంది. జీఎంసీ విచారణలో మీ తరఫున లాయర్‌ని పెట్టదు. క్రిమినల్ కేసులో పెట్టదు. ఇంక్వెస్ట్‌లో ట్రస్ట్ లాయర్ ట్రస్ట్ లాయరే, మీ ఇద్దరి మాట ఒకటైనంత వరకే ఆయన మీకు పనికొస్తాడు. నెలకి నాలుగు కాఫీలు మానేస్తే డిఫెన్స్ చందా వచ్చేస్తుందని మా సీనియర్ ఒకాయన అనేవారు, లెక్క అచ్చంగా అంతే కాకపోవచ్చు గానీ మాట నిజం.

మరి బాపియో ఎక్కడ? యూనియన్‌కీ డిఫెన్స్ సంస్థలకీ మధ్య ఉండే ఖాళీలో. జరుగుతున్నది మామూలు విమర్శా, లేక మీ యాస, మీ దేశం చూసి చేస్తున్నదా అని మీకే తెలియనప్పుడు, ఇరవై ఏళ్లుగా ఇదే వ్యవస్థలో ఉన్న మనవాళ్లతో మాట్లాడే దారి అది. ఇది అనుమానం కాదు. జీఎంసీయే చేయించి 2019లో బయటపెట్టిన నివేదికలో, యజమానులు మైనారిటీ జాతుల డాక్టర్లని తెల్లవాళ్ల కంటే రెండింతలు, విదేశాల్లో చదివినవాళ్లని ఇక్కడ చదివినవాళ్ల కంటే రెండున్నర రెట్లు ఎక్కువగా జీఎంసీకి పంపుతున్నారని ఉంది. కారణాలూ అందులోనే చెప్పారు: సరిగ్గా ఇండక్షన్ ఇవ్వకపోవడం (కొత్తగా చేరినవాళ్లకి పని పద్ధతులు చెప్పకపోవడం), తప్పు చేసిన రోజే మొహం మీద చెప్పకుండా దాచిపెట్టుకోవడం, గుంపులో బయటివాడిగా మిగిలిపోవడం. బాపియోకి అనుబంధంగా మెడికల్ డిఫెన్స్ షీల్డ్ అని ఒకటుంది, ఉద్యోగ గొడవల్లోనూ జీఎంసీ వ్యవహారాల్లోనూ సాయం దాని పని. బాపియో సభ్యత్వం కట్టేశాం కాబట్టి అది దానంతటదే వచ్చేస్తుందనుకోకండి, విడిగా అడిగి, ఏది కవర్ అవుతుందో ఏది కాదో కాగితం మీద తీసుకోండి.

చేరడం

వెబ్‌సైట్‌లో ఫారం నింపితే అయిపోయే పని, ఏడాది చందా గానీ జీవిత సభ్యత్వం గానీ. మొదటి ఉద్యోగంలో ఉన్నవాళ్లు ఏడాదిది చాలు, ఈ దేశంలో ఉంటారో ఆస్ట్రేలియా వెళ్తారో ఇంకా తెలియదు కదా. చేరాక మీ ప్రాంతం శాఖ ఏదో కనుక్కోండి, అసలు పని జరిగేది అక్కడే. జాతీయ సదస్సులో దూరంగా కూర్చుని చప్పట్లు కొట్టడం కంటే మీ ఊరికి అరగంటలో ఉన్న ఒక కన్సల్టెంట్ ఫోన్ నంబర్ వెయ్యి రెట్లు విలువైనది.

ఎప్పుడు అంటే, ఉద్యోగం మొదలయ్యే లోపే. డిఫెన్స్ సంస్థలు చేరకముందు జరిగిన సంఘటనకి సాధారణంగా సాయం చేయవు, యూనియన్లదీ చాలావరకు అదే పద్ధతి. వాన మొదలయ్యాక గొడుగు కొట్టు వెతుక్కోవద్దు. మొదటి జీతం రానివ్వు అన్నా, తర్వాత చూద్దాం అంటారు అందరూ. నేనూ అలాగే అన్నాను. మూడో నెల నైట్ డ్యూటీలో ఒక పేషెంట్ విషయంలో నా మీద డేటిక్స్ వేశారు, డేటిక్స్ అంటే శిక్ష అనుకుని నాకు వారం రోజులు అన్నం సహించలేదు. నిజానికి అది సంఘటనని నమోదు చేసే పద్ధతి మాత్రమే. ఆ ముక్క చెప్పే మనిషి లేకపోవడమే నా అసలు కష్టం.

మన తెలుగువాళ్లకి ఇంకో తలనొప్పి, పేరు. పదో తరగతి సర్టిఫికెట్‌లో ఇంటిపేరు మొదట ఇనీషియల్‌గా, ఎంబీబీఎస్ పట్టాలో పూర్తిగా, పాస్‌పోర్టులో మొత్తం పేరు ఒకే గడిలో, ఇంకో గడి ఖాళీ. జీఎంసీకి ఒకటి, వీసాకి ఒకటి, సభ్యత్వాలకి ఇంకొకటి ఇచ్చి తర్వాత అఫిడవిట్ల కోసం ఇంటికి ఫోన్లు చేస్తారు. పాస్‌పోర్టులో ఎలా ఉందో అక్షరం తేడా లేకుండా అన్నిచోట్లా అలాగే ఇవ్వండి. పాస్‌పోర్టే తప్పుంటే ఇండియాలో ఉన్నప్పుడే సరిచేయించుకోండి. అలాగే స్టేట్ మెడికల్ కౌన్సిల్ ద్వారా తెచ్చుకునే గుడ్ స్టాండింగ్ సర్టిఫికెట్ మూడు నెలలే చెల్లుతుంది, ప్లాబ్ రెండో భాగం ఫలితం రాకముందే తెచ్చి పెట్టుకుంటే అది బీరువాలో ముగ్గిపోతుంది.

ఉద్యోగం కోసం వాడుకోవడం

ఇక్కడ ఆశ తగ్గించుకోండి. బాపియో ఉద్యోగాలు ఇప్పించే ఏజెన్సీ కాదు. బాపియో ట్రైనింగ్ అకాడమీ ద్వారా కొన్ని ట్రస్టులతో కలిసి నడిపే ఫెలోషిప్ పథకాలు ఉంటాయి, ఎక్కువగా ఇండియాలో పీజీ చేసినవాళ్లకి, అవి ఎప్పటికప్పుడు చూస్తూ ఉండాలి. పీజీ అయినవాళ్లు రాయల్ కాలేజీల ఎంటీఐ (మెడికల్ ట్రైనింగ్ ఇనీషియేటివ్) దారి కూడా చూడండి, ప్లాబ్ లేకుండా రావచ్చు గానీ రెండేళ్లకి వెనక్కి వెళ్లిపోవాలి.

ప్లాబ్ దారిలో వచ్చేవాళ్లకి మాత్రం నిజం చెప్పాలి. 2019లో డాక్టర్లందర్నీ కొరత వృత్తుల జాబితాలో పెట్టినప్పుడు తలుపులు బార్లా తెరిచినట్టుండేది. 2025 నాటికి సుమారు 10 వేల స్పెషాలిటీ ట్రైనింగ్ పోస్టులకి 30 వేల మందికి పైగా పోటీ, పైగా ఆ ఏడాది జూలైలో వచ్చిన ఎన్‌హెచ్‌ఎస్ పదేళ్ల ప్రణాళికలో యూకేలో చదివినవాళ్లకి ముందు అవకాశం అని రాసేశారు. ట్రైనింగ్ కాని క్లినికల్ ఫెలో పోస్టులకి కూడా ప్రకటన వేసిన కొన్ని గంటల్లో వందల అప్లికేషన్లు వచ్చి మూసేస్తున్నారు. కాబట్టి అప్పు చేసి టికెట్ కొనే ముందు, ఇప్పుడు ఏ స్పెషాలిటీలో పరిస్థితి ఎలా ఉందో అక్కడ పనిచేస్తున్నవాళ్లనే అడగండి, కోచింగ్ సెంటర్ వాళ్లని కాదు. సంఘం సభ్యత్వం వల్ల దొరికే పెద్ద లాభం ఈ అడిగే అవకాశమే.

అడిగేటప్పుడు "సార్, ఏదైనా జాబ్ ఉంటే చెప్పండి" అని వంద మందికి ఒకే మెసేజ్ కొట్టకండి, ఎవరూ జవాబివ్వరు. "మీ ట్రస్ట్‌లో అక్యూట్ మెడిసిన్ ఫెలో పోస్టుకి అప్లై చేశాను, సపోర్టింగ్ ఇన్ఫర్మేషన్‌లో ఆడిట్ గురించి రాసింది ఒక పేజీ, పది నిమిషాలు చూసి చెప్పగలరా" అని ఒక్కరికి రాయండి. చూస్తారు. డబ్బు తీసుకుని క్లినికల్ అటాచ్‌మెంట్ (ఆసుపత్రిలో పక్కన ఉండి పని చూసే అవకాశం) ఇప్పిస్తానన్నా, స్పాన్సర్‌షిప్ సర్టిఫికెట్‌కి ఇంత అన్నా, అతను తెలుగువాడే, మీ కాలేజీ వాడే అయినా సరే, నమస్కారం పెట్టి బయటపడండి. ఉద్యోగం ఇప్పించినందుకు అభ్యర్థి దగ్గర ఏజెన్సీ ఫీజు తీసుకోకూడదని ఇక్కడి నియామక నియమావళిలోనే ఉంది. ఉద్యోగాలు ఎన్‌హెచ్‌ఎస్ జాబ్స్, ట్రాక్ అనే వెబ్‌సైట్లలో అందరికీ కనపడతాయి.

చేరిన కొత్తలో జీఎంసీ పెట్టే "వెల్‌కమ్ టు యూకే ప్రాక్టీస్" ఒక పూట వర్క్‌షాప్, ఉచితం. వెళ్లండి.

ఫిర్యాదు వచ్చిన రోజు

దీనికోసమే ఇంత రాశాను. మొదట, ఆ రోజు ఏమీ రాసివ్వకండి. "రెండు లైన్లలో ఏం జరిగిందో మెయిల్ పెట్టు చాలు" అంటారు మంచిగానే. మనకి పెద్దవాళ్లు అడిగితే కాదనడం రాదు, పైగా సారీ సార్, నాదే తప్పు సార్ అనేయడం హౌస్ సర్జెన్సీలోనే అలవాటు. పేషెంట్‌కి, వాళ్ల ఇంట్లోవాళ్లకి సారీ చెప్పడం వేరు, అది చెప్పాలి, ఇంగ్లండ్ చట్టం ప్రకారం క్షమాపణ ఒక్కటే తప్పు ఒప్పుకున్నట్టు కాదు. కానీ విచారణ కోసం రాసిచ్చే స్టేట్‌మెంట్ మాత్రం డిఫెన్స్ వాళ్లు చదివాకే వెళ్లాలి. "తప్పకుండా ఇస్తాను, నా డిఫెన్స్ సంస్థతో మాట్లాడి ఫలానా తేదీకల్లా పంపుతాను" అని రాస్తే ఎవరూ తప్పుపట్టరు.

తర్వాత, మీకు గుర్తున్నది మీకోసం రాసుకోండి, అదే రాత్రి, టైముతో సహా: ఎన్ని వార్డులు చూస్తున్నారు, రోటాలో ఎవరు తక్కువయ్యారు, రెజిస్ట్రార్‌కి (మీ పై డాక్టరుకి) ఎన్నింటికి బ్లీప్ చేశారు (పేజర్ కొట్టారు). ఆరు నెలల తర్వాత ఇవేవీ గుర్తుండవు. కానీ పేషెంట్ పేరు, నంబర్, నోట్స్ ఫొటోలు మీ ఫోన్‌లోకి గానీ జీమెయిల్‌కి గానీ పంపుకోకండి. నాకు తెలిసిన ఒకబ్బాయి మీద మొదటి ఆరోపణ నిలవలేదు, ఆధారం కోసమని ఇంటి మెయిల్‌కి పంపుకున్న కాగితాల మీద రెండో ఆరోపణ నిలిచింది.

మెడికల్ నోట్స్‌లో ఆ తర్వాత ఒక్క అక్షరం మార్చకండి. ఏదైనా చేర్చాలంటే ఇవాళ్టి తేదీ, టైము వేసి, తర్వాత రాసినదని స్పష్టంగా రాయండి.

విచారణ మామూలు మాటల్లో మొదలై ఎంహెచ్‌పీఎస్ అనే పద్ధతిలోకి వెళ్లిందంటే విషయం పెద్దదైందని అర్థం. ఇంగ్లండ్‌లో ఆసుపత్రి డాక్టర్ల మీద విచారణకి అదే చట్రం. కేస్ మేనేజర్ ఎవరు, కేస్ ఇన్వెస్టిగేటర్ ఎవరు, విచారణ దేనిమీదో రాసిన కాగితం ఏది, ఈ మూడూ అడిగి తీసుకోండి. మీటింగ్‌కి యూనియన్ మనిషినో తోటి డాక్టర్నో తీసుకెళ్లే హక్కు మీకుంది, ఒంటరిగా వెళ్లకండి. కొన్నాళ్లు డ్యూటీకి రావద్దంటే భయపడకండి, మొదట పెట్టే తక్షణ ఎక్స్‌క్లూజన్ రెండు వారాలకి మించకూడదు, తర్వాత ప్రతి నాలుగు వారాలకీ సమీక్షించాలి.

వివక్ష అనిపిస్తే గడువు గుర్తుపెట్టుకోండి. ఎంప్లాయ్‌మెంట్ ట్రిబ్యునల్‌కి వెళ్లాలంటే సంఘటన జరిగి మూడు నెలలకి ఒక రోజు తక్కువలోపు ఏకాస్ (ఉద్యోగ వివాదాల్లో రాజీ కుదిర్చే సంస్థ) దగ్గర రాజీ ప్రక్రియ మొదలుపెట్టాలన్నది చాలాకాలంగా ఉన్న లెక్క. దాన్ని ఆరు నెలలకి పెంచే చట్టం వచ్చింది, మీరు మాత్రం మూడు నెలలే అనుకుని కదలండి. ట్రస్ట్ లోపలి విచారణ పూర్తవ్వనివ్వండి, తర్వాత చూద్దాం అని హెచ్‌ఆర్ వాళ్లు ఎంత నెమ్మదిగా చెప్పినా గడియారం ఆగదు. బాపియోలో ఎవరితోనైనా మాట్లాడాల్సింది మొదటి వారంలోనే అనేది ఇందుకే. ఉద్యోగం పోతే స్పాన్సర్ ఆ సంగతి హోమ్ ఆఫీసుకి చెప్తాడు, వీసాని సాధారణంగా 60 రోజులకి కుదిస్తారు, ఆ కంగారులో చాలామంది రాజీనామా చేసేసి పారిపోతారు. రాజీనామా ఇచ్చినంత మాత్రాన జీఎంసీకి వెళ్లాల్సిన ఫిర్యాదు ఆగదు. లాయర్‌తో మాట్లాడకుండా ఆ కాగితం మీద సంతకం పెట్టకండి.

నిద్ర పట్టకపోతే, ఇంట్లో చెప్పుకోలేకపోతే, ఇంగ్లండ్‌లో ఎన్‌హెచ్‌ఎస్ ప్రాక్టీషనర్ హెల్త్ ఉంది, డాక్టర్లు, డెంటిస్టుల లాంటి వైద్య సిబ్బంది కోసం, రహస్యంగా చూస్తారు. బీఎంఏ కౌన్సెలింగ్ లైన్‌కి సభ్యులు కానివాళ్లు కూడా ఫోన్ చేయొచ్చు. అమ్మానాన్నలకి టెన్షన్ ఎందుకని చెప్పరు మనవాళ్లు, అది సరే, మరి ఎవరో ఒకరికి చెప్పాలి కదా.

సంఘంతో చిరాకులు కూడా ఉన్నాయి

శాలువాలు, స్టేజీ మీద ఫొటోలు, గంటన్నర ఆలస్యంగా మొదలయ్యే సభలు, అన్నీ ఉంటాయి. పదవుల్లో ఉన్నవాళ్లలో ఎక్కువమంది కన్సల్టెంట్లు, జూనియర్ల బాధ వాళ్లకి పదేళ్ల కిందటి జ్ఞాపకం. పనిచేసేవాళ్లందరూ తమ డ్యూటీలు అయ్యాక చేస్తున్నవాళ్లే, కాబట్టి జవాబు రెండు రోజులు ఆలస్యమైతే అలగకండి. ఇంకోటి, నిజంగా వైద్యంలో తప్పు జరిగినప్పుడు దాన్ని వివక్ష ఖాతాలో రాయించుకోవాలని చూడకండి. మొదటి ఫోన్‌లోనే సీనియర్లు పసిగట్టేస్తారు, తర్వాత మీ నిజమైన మాట కూడా నమ్మరు.

సాయం అడుగుతూ మెయిల్ రాయాల్సి వస్తే ఒక పేజీ దాటొద్దు. మీరు ఎవరు, ఏ గ్రేడు, వీసా ఏది, ఎప్పటిదాకా, ఏ తేదీన ఏం జరిగింది, ఇప్పటిదాకా ఎవరితో మాట్లాడారు, వచ్చే మీటింగ్ ఎప్పుడు, మీకు కావలసింది ఏంటి: సలహానా, పక్కన కూర్చునే మనిషా, లాయరా. పేషెంట్ వివరాలు వద్దు. హాస్పిటల్ మెయిల్ నుంచి కాకుండా సొంత మెయిల్ నుంచి పంపండి, ఎక్స్‌క్లూజన్ పడితే హాస్పిటల్ లాగిన్ పోవచ్చు, జవాబు వచ్చేసరికి దాన్ని తెరిచే దారి మీకు ఉండదు.